ఏకలవ్యోపాఖ్యానమును సహాధ్యాయధర్మమును

ఏకలవ్యోపాఖ్యానము మైదానసీమలోని పాఠశాలలోఁ జదువఁబడుట వేఱు; తూర్పుకనుమలపై జి.మాడుగులవంటి చోటఁ జదువఁబడుట వేఱు. మొదటిచోట నది గురుభక్తికిఁ జెప్పు దృష్టాంతములలో నొకటి. విల్లును బొమ్మలలోఁ దప్పఁ జూడని బాలురకు బొటనవ్రేలు లేని విలుకాని బ్రదు కెట్టిదో తోఁపదు. రెండవచోట వినువారు చైత్రమాసమున నిటుకలపండుగకుఁ బెద్దలు వేఁటకుఁ బోవుటఁ జూచి పెరిగినవారు. నిషాదపుత్రుఁడను మాట వచ్చినతోడనే తరగతిలో నెవ్వరు తల వంచుదురో, యెవ్వరు తల యెత్తుదురో యచ్చటి యుపాధ్యాయుఁ డెఱుఁగవలసి యుండును.

గంగరాజు మాడుగుల యనునదియే సంక్షేపమున జి.మాడుగుల యైనది, దిగువ మైదానపుటంచున నున్న మాడుగుల వేఱు. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పాడేరు ముఖ్యస్థానముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరినది. ఈ మన్యమున భగతలు, కొండదొరలు, కోదులు, కోటియాలు, గదబలు, పొరజలు మున్నగువారు గలరు. తెలుఁగుతోఁ బాటు కువి, ఆదివాసి ఒడియా మొదలగు భాషలు సంతలలో వినవచ్చును. ఇట్టి గిరిజన ప్రాంతములకై 1997-98లో భారతప్రభుత్వము గురుకుల విద్యాలయములను స్థాపింప నారంభించి, వానికి ఏకలవ్యుని పేరు పెట్టినది. గిరిజనులు నూటికి 50 మందికి మించియు, సంఖ్యలో 20,000లకుఁ దక్కువ గాకయు నున్న ప్రతి మండలమున నొక్కటి యుండవలయునని పిదప నిర్ణయించినది. బడిలోనికి రానీయఁబడని వాని పేరు బడిద్వారముపై వ్రాయఁబడినదన్నమాట. ఇందు ఔచిత్యము గలదా లేదా యనుట కవ్వల నుత్తరువులను జూచినఁ బ్రయోజనము లేదు, కావ్యమునే చూడవలయును.

ఈ కథకు మన దేశమున రెండు వ్యాఖ్యానములు వాడుకలో నున్నవి. ఒకటి ప్రాచీనము: శిష్యుఁడు మట్టిబొమ్మయందును గురుని జూచెను, అడిగినతోడనే యంగుష్ఠము నిచ్చెను, కావున గురుభక్తి కితఁడే మేర యనునది. రెండవది నవీనము: ద్రోణుఁ డన్యాయము చేసెను, జాతినిఁ జూచి విద్యను నిరాకరించెను, నేర్పనివాఁడు దక్షిణ గొనెను అనునది. రెండవదానిలో న్యాయబుద్ధి యధికము. మొదటిదానిలోఁ గావ్యరసము కొంత మిగిలియున్నది. కాని యీ రెండింటికిని సమానమైన లోప మొకటి గలదు. రెండును గురుని, శిష్యుని మాత్రమే చూచును. బడి యనఁగా గురుఁడును శిష్యుఁడును మాత్రమే కాదు. ఆ రెండింటి నడుమఁ బలువురు బాలురు గలరు. వారిని విడిచి యీ కథను జదివిన వారికిఁ గథలోని ముఖ్యపాత్ర గోచరింపలేదని చెప్పవలయును.

వ్యాసభారతమున నీ విషయము స్పష్టముగా నున్నది. ఏకలవ్యుఁడు వచ్చి యడిగినపుడు ద్రోణుఁ డతనిని నిషాదపుత్రుఁడని యెంచి స్వీకరింపలేదనియు, అది యా యితర శిష్యుల నుద్దేశించియే యనియు నచ్చట నున్నది. అనఁగా నడ్డు వచ్చినది విద్య కాదు, గురునకు శిష్యునియందు ద్వేషమును గాదు, సహాధ్యాయులు. కౌరవ పాండవకుమారుల నడుమ నీ పిల్లవాఁడు కూర్చుండవలయునా యన్నదే ప్రశ్న. నన్నయభట్టారకుఁడు తన సంక్షేపశైలికిఁ దగినట్లు ఈ ఘట్టమును కొలఁదిమాటలలో దాఁటించి, కథను వనములోనికిఁ గొనిపోయెను. ఆ వేగము కావ్యమునకు శోభయే. బోధకునకు మాత్రము చిక్కు. నిలువవలసినచోట నిలువక కథ ముందునకుఁ బోవును.

ఈ నిరాకరణము చేసినవాఁ డెవ్వఁడు? ఆదిపర్వమును మొదటినుండి చదివికొని వచ్చిన వానికి ఇచ్చటఁ గొప్ప యాశ్చర్యము గలుగవలసి యున్నది. ద్రుపదుఁడు బాల్యమున భరద్వాజాశ్రమమునకు వచ్చుచు ద్రోణునితోఁ గలసి యాడెననియు, చదివెననియు మూలము చెప్పుచున్నది. ఆటను ముందు చెప్పి చదువును తరువాతఁ జెప్పిన యా క్రమమును సంస్కృతపండితులు గమనింపఁదగును. ఆ చెలిమిని నమ్ముకొనియే దరిద్రుఁడైన ద్రోణుఁడు పాంచాలమునకుఁ బోయెను. రాజునకును బేదకును జెలిమి యెక్కడిదని ద్రుపదుఁడు త్రోసిపుచ్చెను. ఆ యవమానమునుండియే ద్రోణుని హస్తినాపుర ప్రవేశము, ఆ యవమానమునుండియే ద్రుపదుని బంధించి తెమ్మను గురుదక్షిణ, దానినుండియే ధృష్టద్యుమ్నుని జన్మము, తుదకు ద్రోణుని మరణము. ఒక సహాధ్యాయి మఱియొక సహాధ్యాయిని గాదన్నందున భారతకథలో నింత జరిగినది. అట్టి గాయముఁ దిన్న ద్రోణుఁడే సహాధ్యాయులకై నిషాదబాలుని గాదనుట కావ్యమున యాదృచ్ఛికము గాదు. ద్రుపదుఁ డన్న మాటనే ద్రోణుఁడు వేఱొక రూపమునఁ బలికెను. వ్యాఖ్యాతలు ద్రోణునిఁ గఠినుఁడనుటకో, రాజసేవాపరతంత్రుఁడనుటకో పూనుకొనిరి గాని యీ రెండు ద్వారములు నొక్కటే యన్న సంగతి తగినంతగాఁ జెప్పరైరి.

ఇఁక నేకలవ్యుఁడు పోఁగొట్టుకొన్న దేమి? విద్య గాదు. అడవిలోఁ దనకుఁ దానే యభ్యసించి, మొఱుగుచున్న కుక్క నోటిని దెబ్బ తగులకుండ బాణములతో నింపఁగల నేర్పును సంపాదించెను. దానిఁ జూచి యర్జునునకే యసూయ గలిగినది. గురుఁడును బోలేదు, మట్టితోఁ జేసికొనెను. మట్టితోఁ జేసికొనలేనిది తోడివిద్యార్థి. అతనితోఁ బోటీ పడువాఁడు లేఁడు. గుఱి తప్పినపుడు నవ్వువాఁడును లేఁడు, తగిలినపుడు కేక వేయువాఁడును లేఁడు. తుదకుఁ దోడివాండ్రు వనమునకు వచ్చినపుడు వారు వేఁటకాండ్రుగా వచ్చిరి, సహాధ్యాయులుగా రాలేదు. అర్జునుఁ డతనితో నొక మాటయు స్నేహముగా నాడక, నేరుగా గురునికడకుఁ బోయి తనకిచ్చిన మాటను జ్ఞాపకము చేసెను. ఒక్కదిన మా యిద్దఱు నొక మైదానమున విల్లుపట్టి నిలిచియున్నచో నర్జునుని నోట నా మాట వచ్చునా యని ప్రశ్నించికొనుట కావ్యవిచారమునకు వెలియైనది కాదు.

ఇట్లు చూచినపుడు ఆంధ్రకవులు విద్యాభ్యాసమును వర్ణించిన యితర ఘట్టములును గ్రొత్తగాఁ గానవచ్చును. వానియం దొక సామాన్యలక్షణము గలదు. బాలుఁడు బడిలోఁ దనవాఁడగుట పాఠకాలమున నెన్నఁడును జరుగదు. ఆటలోనో, పనిలోనో, ప్రదర్శనరంగమునో జరుగును. ద్రోణుని బడికిఁ బునాదియే బంతియాట. కుమారు లాడుచుండఁగా బంతి బావిలోఁ బడినది. వారు తీయలేక నిలిచిరి. దానిని దీసియిచ్చిన వృద్ధబ్రాహ్మణుఁడు వారి కాచార్యుఁ డయ్యెను. పాఠశాలాప్రవేశమున కంతకంటె మంచి కథ వెదకినను దొరకదు.

ఆటయే సర్వమును జక్కఁబెట్టునని మాత్ర మా కవులు చెప్పలేదు. అదే పర్వమునఁ బ్రమాణకోటిలోని జలక్రీడలు గలవు. భీముఁడు నీటిలోఁ దోడివాండ్రను ముంచి యాడుట యతనికి వినోదము, వారికి వైరకారణము. నిద్రించుచున్న భీముని దుర్యోధనుఁడు తీఁగలతోఁ గట్టి గంగలోఁ ద్రోయించెను. బలవంతుని యాట బలహీనునకు హింసయగుట యే వసతిగృహమును నడపిన వారికైనను దెలిసిన విషయమే. కావున నాటపాటలు గల బడి యనఁగానే సఖ్యముగల బడి యని తలఁపరాదు. ఎట్టి యాట, యెవ్వరితో, యెవ్వరికొఱకు అను భేదమును గవులే చూపియున్నారు. ఆ భేదము రెండు ఘట్టములను బ్రక్కప్రక్కనఁ బెట్టినఁ దెలియును. ఒకటి కుమారాస్త్రవిద్యాసందర్శనము. రెండవది కుచేలోపాఖ్యానములోని వానరాత్రి.

కుమారాస్త్రవిద్యాసందర్శనము నేఁటి పాఠశాలా వార్షికోత్సవమునకుఁ దాత యనవచ్చును. రంగము కట్టఁబడినది, రాజులు, స్త్రీలు, పురజనులు మంచెలపైఁ గూర్చుండిరి, విద్యార్థులు నేర్చినది చూపిరి. అందుఁ గర్ణుఁడు ప్రవేశించెను. వ్యాసుఁ డితఁడును ద్రోణునికడ విద్య నేర్వ వచ్చినవారిలో నుండెనని చెప్పుచున్నాఁడు. అనఁగా నేకలవ్యునివలెఁ గాక యితఁడు బడిలోఁ బ్రవేశము గన్నవాఁడు. ఐనను బడిలోనివాఁడు గాలేదు. రంగమున నర్జునుఁడు చూపిన విద్యలన్నియుఁ జూపెను. జను లాశ్చర్యపడిరి. అంతఁ గృపాచార్యుఁడు కులము చెప్పుమనెను. దుర్యోధనుఁ డచ్చటికచ్చటనే యంగరాజ్యమున కభిషేకించెను. తండ్రియైన సూతుఁడు చెమటలు గ్రమ్మ వచ్చి నిలువఁగాఁ గర్ణుఁ డభిషేకజలముతోఁ దడిసిన తలను వంచి మ్రొక్కెను, భీముఁడు నవ్వెను. ప్రొద్దుగ్రుంకినది. కర్ణునకు దొరకినది కిరీటము. దానితోఁ బాటు ఋణమును దొరకినది. ఆ ఋణము నతఁడు జీవితాంతము తీర్చుచునేయుండి, కురుక్షేత్రమునఁ దీర్చికొనెను. రంగమున సంపాదించిన చెలిమి యట్టిది. చూచువారు మెచ్చి యిచ్చునది చూచువారికే చెందియుండును.

పోతన భాగవతములోని కుచేలోపాఖ్యాన మింకొక మార్గమును జూపును. ద్వారకాధీశుఁడైన కృష్ణుఁడు చిరకాలమునకుఁ గన్పడిన బాల్యసఖునిఁ దల్పముపైఁ గూర్చుండఁబెట్టి, గురుకులవాసమును దలఁచుకొనును. సాందీపని కడ నఱువదినాలుగు విద్యలు నేర్చినవాఁడు గదా! అం దొక్క విద్యయుఁ దలఁపునకు రాలేదు. వచ్చిన దేమనఁగా, గురుపత్ని పంపఁగాఁ గట్టెలకై యడవికిఁ బోయిన దినము. గాలివాన క్రమ్మినది, పల్లమును మిట్టయుఁ దెలియలేదు, చీఁకటి పడినది, ఒకరిచేతు లొకరు పట్టుకొని రాత్రి యెల్లఁ దిరిగిరి, తెల్లవాఱుచుండఁగా గురుఁడు వెదకికొనుచు వచ్చెను. ఇంతియే. ఇందుఁ జూచువారు లేరు, మెచ్చువారు లేరు, గెలుపోటములు లేవు. తడిసిన యిద్దఱు పిల్లలును, మోపు కట్టెలును గలవు. ద్రుపదుఁడు మఱచినదానిని గృష్ణుఁడు మఱవకుండుటకుఁ గారణ మిదియే యని పోతన వాచ్యముగాఁ జెప్పలేదు. చెప్పకున్నను గథాక్రమ మట్లే చెప్పుచున్నది. అటుకులు తినుటకు ముందు వాన తలఁపునకు వచ్చినది.

ప్రహ్లాదచరితము నీ సందర్భమునఁ గొందఱు ప్రతిపక్షముగాఁ జూపుదురు. చండామార్కులు గృహకార్యములకుఁ బోయినపుడు తోడిబాలురు ప్రహ్లాదు నాటకుఁ బిలిచిరి. అతఁడు వారికి హరిభక్తి నుపదేశించెను. వా రాటవస్తువులను విడిచి వినిరి. కావున నాట విడిచిననే జ్ఞానము గలుగునని వారి వాదము. ఈ వాదమున కొక్కటియే ప్రత్యుత్తరము: వారు ముందుగా నతని నాటకుఁ బిలిచిరి. పిలువఁబడనివాని మాట యెవ్వరు వినుదురు? గురువులు చెప్పినది యా బాలుర చెవులఁ బడినను నిలువలేదు. తోడివాఁడు విరామకాలమునఁ జెప్పినది నిలిచినది. హిరణ్యకశిపుఁడు ప్రహ్లాదునిపై నాగ్రహించుట కది చాలినది. విరామకాలము నడచు తీరును లెక్కింపక పాఠకాలమునే కాచికొని కూర్చుండు బోధకులకుఁ జండామార్కులకంటెఁ దగిన పూర్వులు లేరు.

ఆధునికకాలమున కీ ధర్మము తెలియకపోలేదు. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమునఁ దన విద్యార్థులను గూర్చుకొని వ్యవహారధర్మబోధినిని బ్రదర్శించెను. తెలుఁగున నాధునిక నాటకప్రదర్శనము లిట్లు బడిపిల్లలతోఁ బ్రారంభమైనవి. నాటకచరిత్రకారులు తేదీని జెప్పి యూరకుందురు. పిల్లలు వేషములు గట్టి తమ పంతులుతోఁ గలసి నిలుచుట బడిచరిత్రలోను నొక సంఘటనమే.

ఇన్ని ఘట్టములను జూచిన పిమ్మట మరల జి.మాడుగులకు రావలసియున్నది. కొండపల్లెలోఁ బలు తరగతులవా రొక్క గదిలోఁ గూర్చుండు చిన్నబడినుండి యొక పిల్లవాఁడో పిల్లయో వసతిగృహముతోఁ గూడిన యున్నతపాఠశాలకు వచ్చును. అచ్చట నొక్కొక్క పాఠమున కొక్కొక్క యుపాధ్యాయుఁడు, గంట గంటకు మ్రోఁత, భోజనమునకు వరుస, హాజరుపట్టీలో నొక సంఖ్య. రాత్రి పొయ్యిచుట్టునుండు నింటివారు లేరు. వీని కన్నిఁటికంటెను గష్టమైనది భాష. ఇంట తెలుఁగే మాటలాడు భగతల బిడ్డకును గ్రంథములోని తెలుఁగు క్రొత్త. కువియో, ఆదివాసి ఒడియాయో మాటలాడు బిడ్డకుఁ దరగతి యెల్లఁ గ్రొత్త. ఉపాధ్యాయుఁ డడిగిన ప్రశ్నకు జవాబు తెలిసియు నోరు మెదపని విద్యార్థిని మందుఁడని యెంచుట సుకరము.

ఈ కష్టమును గుర్తించినవారిలో గిడుగు రామమూర్తి పంతులు ప్రథమగణ్యుఁడు. 1880లోఁ బర్లాకిమిడి పాఠశాలలో నుపాధ్యాయుఁడుగాఁ జేరి, సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకై బడులు పెట్టి, వారి భాషలోనే వాచకములు గూర్చెను. 1931లో సవరభాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించెను. వ్యావహారికభాషావాదమునఁ బంతులుతో వైరము పూనిన పండితులు సైతము ఈ పని ముందుఁ దలవంచక తప్పదు. పంతులు వ్యాకరణముతోఁ దృప్తినొందక సవరల పాటలను గథలను సేకరించుటయే యిచ్చట ముఖ్యము. బిడ్డ బడిలోనికి వచ్చునపుడు వర్ణమాలకు ముందు పాట వచ్చుననుట యతఁ డెఱిఁగియుండెను. ఆంధ్రప్రదేశప్రభుత్వము 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసి ఒడియా, బంజారా భాషలలోఁ దెలుఁగులిపితో వాచకములు సిద్ధపఱచి బోధనము నారంభించినది. ఇది స్తుత్యము. కాని యది ప్రాథమికతరగతుల మేరనే నిలుచును. ఉన్నతపాఠశాలకు వచ్చినతోడనే బిడ్డ మాతృభాషకుఁ బాఠములోఁ బీట లేదు. మిగిలినచో టాటస్థలము, మఱియుఁ బాట.

మన్యమున ధింసా యను నృత్యము ప్రసిద్ధము. డప్పు, తుడుము, మోరి, కొమ్ములు మ్రోయఁగా స్త్రీ లొకరి వెనుకనుండి యొకరు చేతులు పెనవైచికొని వరుసకట్టి యడుగులు వేయుదురు. ఆ కట్టులో నెవ్వతెయు నొంటిగా నాడఁజాలదు. ప్రక్కనున్నదాని యడుగు తప్పినఁ దనయడుగును దప్పును. భాషలు వేఱైన పల్లెలవారికిని నీ యడుగు పరిచితము. తరగతిలో నోరు విప్పని బాలిక యీ వరుసలో నొకరి చేయి పట్టుటకు వ్యాకరణము నేర్వనక్కఱలేదు. దొడ్డియవతలి మైదానమున సాయంకాలము తమంతటఁ దా మాడికొనిన ధింసా కుచేలుని కట్టెలమోపువంటిది.

అదే ధింసా యతిథులు వచ్చిననాఁడు రంగముపై నాడింపఁబడునపుడు వేఱొక స్వరూపము దాల్చును. ఒకే రంగు చీరలు, ముందే యెన్నిక చేసిన పదుగురు, కొలిచి యిచ్చిన నిమిషములు. మెప్పు కలుగును, బహుమతి వచ్చును. కాని యెన్నికకు రాని బాలిక చూచువారిలోఁ గూర్చుండును. నాడిన బాలికయు మఱునాఁడు తరగతిలో మునుపటియట్లే మౌనముగా నుండిన యెడల రంగము చేసిన మే లేమి? ఇది కర్ణుని యభిషేకమువంటిది. ప్రదర్శనము వలదని యిచ్చటి తాత్పర్యము గాదు. కర్ణునకు రంగమే లేకున్నచో నతని విద్య లోకమునకుఁ దెలియకయే పోయెడిది. ఏకలవ్యునకు లేనిదియు నదియే. లోపము రంగములో లేదు. రంగమునకు ముందు వానరాత్రి లేకుండుటలో నున్నది.

పాఠ్యేతరకార్యములు చదువునకుఁ జెఱుపని తలఁచు పండితులు బడులలో నింకను గలరు. వారి భయ మకారణము గాదు. పదవతరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ మాసములలో జరుగును. ఇటుకలపండుగయుఁ జైత్రముననే వచ్చును. పండుగకుఁ బోయిన పిల్లవాని హాజరు తఱుగును, పోనివాని మనస్సు పల్లెలో నుండును. దీనికి శాస్త్రమున సిద్ధమైన పరిహారము లేదు. ఐనను బిల్లవాఁడు బడికి మరలి వచ్చుటకుఁ బుస్తకము కారణమగుట యరుదు; ప్రక్కమంచముపైఁ బడుకొను తోడివాఁడో, తాను లేక నిలిచిపోవు కబడ్డీజట్టో కారణమగుట మెండు. వంద దినముల హాజరును రక్షించు కబడ్డీ నాలుగు దినములను హరించిన దోషము లేదు.

కర్ణరంగమునకును గట్టెలమోపునకును గల యంతరము దెలుప నీ కాలపు నుదాహరణ మొకటి చాలును. నిజామాబాదు ప్రాంతములోని పాకాల గ్రామమునఁ బుట్టిన మాలావత్ పూర్ణ గిరిజనకుటుంబమునఁ బెరిగి తాడ్వాయిలోని సాంఘికసంక్షేమ గురుకులపాఠశాలలోఁ జదివినది. భువనగిరి కొండబండపై శిలారోహణము నభ్యసించి, 2014 మే 25వ తేదీని, పదునాలుగేండ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరము నెక్కినది. ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనందకుమారు డామెతోఁ గూడ శిఖరము నెక్కినవాఁడు. 2017లో రాహుల్ బోస్ ఈ కథను హిందీ చలనచిత్రముగాఁ దీసెను. ప్రశస్తులన్నియు శిఖరమునే పాడినవి. అది రంగము, పాడుట సహజమే. కాని శిలారోహణమను విద్య యెట్టిదో చూడుఁడు. ఒకఁ డెక్కుచుండఁగా మఱియొకఁడు క్రింద నిలిచి త్రాడు పట్టును. పట్టినవాని చేయి విడిచినచో నెక్కినవాఁడు లేఁడు. తరగతిలోఁ బ్రక్కనఁ గూర్చుండుటకంటె నీ త్రాడు బలీయము. శిఖరము నెక్కినవారు కొలఁదిమంది. త్రాడు పట్టుట గురుకులమున నెల్లవారును నేర్వఁదగినది.

ఇఁక నామౌచిత్యవిచారము. ఏకలవ్యుని పేరు గల బడిలో నేకలవ్యుని కథను గురుభక్తిపాఠముగాఁ జెప్పుట యనౌచిత్యమనియే యెంచవలయును. ఏలయనఁగా నిచ్చటి బాలుర కది, ద్వారముకడ నిలిచి వెలినుండియే నేర్చి, నేర్చినదానిని సైతము మారుమాటాడక యర్పింపుఁడని చెప్పినట్లుండును. ద్రోణుని నిందించి ముగించుటయుఁ జాలదు. అది బాలునకుఁ గోపము నిచ్చునే కాని కూర్చుండ చోటు నియ్యదు. పేరు సార్థకము కావలెనన్న నా కథలో లేని పాత్రను బడి కల్పింపవలయును: ఏకలవ్యునకు సహాధ్యాయిని. క్రీడోత్సవములలో విలువిద్యకు స్థానమిచ్చుట యీ దారిలో నొక యడుగు. పూర్వకథలో నెవ్వని వ్రేలు కోరఁబడెనో వాని పేరుగల బడిపిల్లలు వ్రేళ్లన్నిటితో నారిని లాగుదురు. ఐనను విల్లు పట్టిన బాలుని ప్రక్కన నమ్ములు నేఱి తెచ్చు బాలుఁడు గలఁడా యనునది బహుమతుల పట్టికలో వ్రాయఁబడదు; దానిని బరీక్షింపఁగలవాఁ డచ్చటి యుపాధ్యాయుఁ డొక్కఁడే.

వాచకములను గూర్చువా రీ ఘట్టములను బెట్టు క్రమమును సవరించినఁ గొంత మేలు. ఇప్పటివలె నొక్కొక్కటి విడిగా, నొక్కొక్క నీతికై కాక, ద్రుపదద్రోణుల కథయు, నేకలవ్యుని కథయు, కుచేలోపాఖ్యానమును వరుసగాఁ జదివింపఁదగును. అపుడు గాని సహాధ్యాయి యను మాటకుఁ గవు లెంత విలువ యిచ్చిరో బాలునకుఁ దెలియదు. కాలమును జూచికొనవలయును. బడులు తెఱచునది జూన్ మాసమున. కొండలమీఁద వాన లప్పుడే క్రమ్మును. క్రొత్తగా వచ్చినవా రింకను దమ పెట్టెల దగ్గఱఁ గూర్చుండి బయటి వానను జూచుచుండు దినములలోఁ గుచేలుని గాలివానను మొదటఁ జెప్పుట యనుకూలము. అడవి, వాన, కట్టెలమోపు వారికి వివరింపనక్కఱలేదు. వారే యుపాధ్యాయునకు వివరింపఁగలరు. ఏకలవ్యుని కథను వారు మైదానమున జట్లుగాఁ గూడినపిదప, శీతకాలమునఁ జెప్పవచ్చును.